హామీపత్రం మీద ఎవరి సంతకం?

2019 మే నెలలో నేను నిజాంపట్నంలో ఉన్నాను. హార్బర్లో పడవలన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. వలలు బాగుచేసుకునేవాళ్లు తప్ప గట్టు మీద జనం లేరు. మా పెద్దమ్మ ఇంటి వసారాలో కూర్చుని, అమెరికా నుంచి అక్క పంపిన కాగితాల జాబితాని ఆవిడకి తెలుగులో చదివి వినిపిస్తున్నాను. ఇంట్లో పీహెచ్‌డీ చేసింది నేనొక్కదాన్నే కాబట్టి కాగితం పని ఏదొచ్చినా నా దగ్గరికే వస్తుంది. సాహిత్యంలో చేసిన పరిశోధన ఇమ్మిగ్రేషన్ ఫారాలకి పనికొస్తుందని మావాళ్ల నమ్మకం. ఒకరకంగా పనికొచ్చింది కూడా. పత్రంలో ఏముందో చదవటంతో పాటు ఏం లేదో కూడా చదవాలని ఆ చదువే నేర్పింది.

అక్క 2018లో అమెరికా పౌరురాలయింది. 21 ఏళ్లు నిండిన పౌరులు తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తమ దగ్గరికి తెచ్చుకోవచ్చు. అన్నదమ్ముల కోసం పెట్టుకునే దరఖాస్తులాగా ఏళ్ల తరబడి వరసలో నిలబడే పని కూడా లేదు. పెదనాన్న పోయాక పెద్దమ్మ ఒక్కతే ఉంటోంది. అక్క ఐ-130 పెట్టింది, అది ఆమోదమయింది. తల్లీకూతుళ్ల బంధం రుజువయ్యాక రెండో మెట్టు డబ్బు. దాని పేరు ఐ-864, అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్. వచ్చే మనిషిని నేను పోషిస్తాను, ఆమె ప్రభుత్వం మీద భారం కాకుండా చూసుకుంటాను అని రాసిచ్చే హామీపత్రం. రాసిచ్చేవాళ్ల సంపాదన అక్కడి ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక రేఖకి 125 శాతం ఉండాలి. అక్క, బావ, ఇద్దరు పిల్లలు, వచ్చే పెద్దమ్మ, మొత్తం ఐదుగురు. 2019 లెక్క ప్రకారం ఐదుగురికి ఆ రేఖ 30,170 డాలర్లు. దానికి 125 శాతమంటే 37,712.

బావ జీతం దానికి కొన్ని రెట్లు. కానీ దరఖాస్తు పెట్టింది అక్క. హామీపత్రం అక్కే రాయాలి, సంపాదన ఉన్నా లేకపోయినా. అప్పటికి ఆమె ఒక స్కూల్లో మధ్యాహ్న భోజనాల దగ్గర గంటల లెక్కన పనిచేస్తోంది. ఆ వచ్చేది పై అంకెలో సగం కూడా లేదు. బావ సంపాదన కలుపుకోవాలంటే అతను ఐ-864ఎ అనే ఇంకో పత్రం మీద సంతకం పెట్టి, ఆ బాధ్యతలో తానూ భాగమవ్వాలి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అతను సంతకం పెట్టకపోయినా ఇంట్లో ఎంతమంది ఉన్నారనే లెక్కలోకి వస్తాడు. అతనున్నందుకు అక్క చూపించాల్సిన మొత్తం పెరుగుతుంది. అతను సంతకం పెడితేనే అతని సంపాదన లెక్కలోకి వస్తుంది. తినే నోరుగా భర్త తప్పకుండా ఉంటాడు, సంపాదించే చెయ్యిగా ఉండాలా వద్దా అన్నది అతని ఇష్టం. అదే బావ తన అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు అక్క సంతకంతో ఎవరికీ పని పడలేదు.

ఫారంలో ఎక్కడా ఆడ అనీ మగ అనీ లేదు. భర్త, భార్య అన్న మాటలు కూడా లేవు, జీవిత భాగస్వామి అని మాత్రమే ఉంటుంది. చట్టం చాలా మర్యాదగా రాసుంది. ఈ మర్యాద ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చూద్దామని నేను చదవటం మొదలుపెట్టాను.

'వచ్చినవాళ్లు మనకి భారమవుతారా' అన్న ప్రశ్న అమెరికాలో పుట్టింది కాదు. 1662 నాటి ఇంగ్లండు సెటిల్‌మెంట్ చట్టంలోనే ఉంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఏడాదికి పది పౌండ్ల లోపు అద్దె ఇంట్లో ఉంటే, రేపెప్పుడో గ్రామ నిధి మీద పడతారేమోనని ముందే వెనక్కి పంపెయ్యవచ్చు. పెళ్లికాని గర్భిణుల్ని పొలిమేర దాటించటానికి ఊరి పెద్దలు పడిన ఆత్రం ఆ కాలపు రికార్డుల్లో కనిపిస్తుంది. బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి బాధ్యత మరి. ఈ పద్ధతే సముద్రం దాటి న్యూయార్క్, మసాచుసెట్స్ చట్టాల్లోకి వెళ్లింది. 1882లో అమెరికా మొదటి సమగ్ర వలస చట్టం తెచ్చినప్పుడు తలకి యాభై సెంట్ల పన్ను వేసి, తనను తాను పోషించుకోలేక ప్రజల సొమ్ము మీద పడే మనుషుల్ని దింపుకోవద్దంది. 1891లో దాన్ని 'పడే అవకాశం ఉన్నవాళ్లు' అని మార్చారు. మార్పు చిన్నదే. కానీ అప్పటిదాకా ఉన్న స్థితిని చూసి తేల్చేవాళ్లు, ఇక నుంచి భవిష్యత్తును ఊహించి తేల్చటం మొదలుపెట్టారు. ఆడవాళ్ల భవిష్యత్తును ఊహించటం అధికారులకి ఎప్పుడూ సులువే. 1892లో ఎల్లిస్ ఐలాండ్ తెరిచాక, ఒంటరిగా వచ్చిన స్త్రీలని భర్తో అన్నో వచ్చి తీసుకెళ్లేదాకా, కనీసం తంతి వచ్చేదాకా బయటికి వదిలేవాళ్లు కాదు. కాబోయే భర్త వస్తే అక్కడే పెళ్లి చేసి పంపిన సందర్భాలున్నాయి. ఆమె చేతిలో కుట్టుపని ఉందా, పొలం పని వచ్చా అన్నదానికంటే, ఆమె ఎవరి మనిషి అన్నది ముఖ్యం. మగవాడు వచ్చి నిలబడటమే ఆనాటి హామీపత్రం.

1924 చట్టం పౌరుడైన భర్త తన భార్యని కోటాతో నిమిత్తం లేకుండా తెచ్చుకోనిచ్చింది. పౌరురాలైన భార్యకి తన భర్త విషయంలో ఆ సమాన హక్కు 1952 దాకా రాలేదు. అప్పుడే 'భార్య' అన్న మాట తీసేసి 'జీవిత భాగస్వామి' అని రాశారు. పైన చెప్పిన మర్యాద వయసు అంతే.

మన వాళ్లకి ఈ తలుపులు తెరుచుకోవటమే ఆలస్యం. 1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతం చేసింది. 1946లో భారతీయులకి ఏడాదికి వందమంది చొప్పున కోటా ఇచ్చారు. మధ్య కాలంలో వెళ్లిన కొద్దిమంది విద్యార్థులే. అందులో మనందరికీ తెలిసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, 1920ల తొలి యేళ్లలో బోస్టన్ చేరి, గొప్ప పరిశోధన చేసి, 1948లో న్యూయార్క్‌లోనే చనిపోయారు. ఆయన ప్రయాణానికి డబ్బు ఎలా వచ్చిందో చూడండి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. ఆ సత్యలింగం నాయకర్ కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్లి గడించిన మనిషి. అంటే ఒక వలస ఇంకో వలసకి పెట్టుబడి పెట్టింది. మిగతాది మామగారు సర్దారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భర్తని ఆవిడ మళ్లీ చూడలేదు. సుబ్బారావు మీద మనకి పుస్తకాలున్నాయి, తపాలా బిళ్ల ఉంది. శేషగిరి గురించి ఆ పుస్తకాల్లో దొరికేది కొన్ని వాక్యాలు.

ఇందులో సుబ్బారావుని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. మామగారి డబ్బుతో అల్లుడు సముద్రం దాటటమన్నది తెలుగువాళ్ల వలస చరిత్రలో పెద్ద అధ్యాయం, దాన్ని మనం కట్నాల అధ్యాయంలోనే చదువుతాం. ఆడపిల్ల పుట్టింటివాళ్లు పొలం అమ్మి పంపిన అల్లుళ్లు ఎందరో. ఆ డబ్బుకి ఏ ప్రభుత్వమూ స్పాన్సర్‌షిప్ అని పేరు పెట్టలేదు, ఎవరి చేతా అఫిడవిట్ రాయించుకోలేదు. మా అక్క పెళ్లికి పెద్దమ్మ ఇచ్చిన డబ్బు సంగతి తర్వాత చెప్తాను.

అఫిడవిట్ అన్న మాట లోకమంతా తెలిసింది 1930ల్లో. మాంద్యం మొదలయ్యాక, 1930 సెప్టెంబరులో హూవర్ ప్రభుత్వం ఈ 'భారమయ్యే అవకాశం' నిబంధనను గట్టిగా అమలు చెయ్యమని తన కాన్సల్స్‌కి చెప్పింది. మూడేళ్లకి జర్మనీలో హిట్లర్ వచ్చాడు. బయటపడాలనుకున్న యూదులకి అమెరికాలో ఉన్న దూరపు చుట్టం రాసిచ్చే హామీపత్రం ప్రాణాధారమయింది. పేరు కలిసిన ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా ఉత్తరాలు రాసి బతిమాలుకున్నారు. అంత బరువు మోసిన ఆ పత్రానికి చట్టంలో బలమెంత అంటే, దాదాపు లేదు. 1958లో న్యూయార్క్ కోర్టు, 1959లో మిషిగన్ సుప్రీంకోర్టు, అలా రాసిచ్చినవాళ్ల దగ్గర్నుంచి ప్రభుత్వం డబ్బు వసూలు చెయ్యలేదని, అది నైతిక బాధ్యత మాత్రమేనని తేల్చాయి. మనిషిని ఆపటానికి పనికొచ్చే కాగితం, మనిషిని పోషించటానికి పనికిరాదన్నమాట.

దీన్ని మార్చింది 1996. ఆ ఏడాది ఆగస్టులో సంక్షేమ పథకాల చట్టం, సెప్టెంబరులో వలస చట్టం వచ్చాయి. వలస వచ్చిన వృద్ధులు, పిల్లలు పోషిస్తామని మాటిచ్చినా, ప్రభుత్వమిచ్చే భృతి తీసుకుంటున్నారన్నది అప్పటి చర్చల్లో పెద్ద ఫిర్యాదు. అంటే ఈ చట్టం రాసేటప్పుడు వాళ్ల కళ్ల ముందున్న మనుషుల్లో మా పెద్దమ్మ లాంటి ముసలి తల్లులు ఉన్నారు. 1997 డిసెంబరు 19 నుంచి ఐ-864 అమల్లోకి వచ్చింది. ఇది మాట కాదు, ఒప్పందం. వచ్చిన మనిషి పౌరసత్వం తీసుకునేదాకా, లేదా 40 త్రైమాసికాల పని ఖాతాలో పడేదాకా, లేదా శాశ్వతంగా దేశం విడిచేదాకా, చనిపోయేదాకా చెల్లుతుంది. పోషించకపోతే ఆ వచ్చిన మనిషే కోర్టుకెళ్లవచ్చు. విడాకులైనా పోదు.

ఇంగ్లండు 2012లో ఇదే దారి పట్టింది. విదేశీ భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల సంపాదన ఉండాలంది. 2024లో దాన్ని 29,000 చేసింది. అంకె అందరికీ ఒకటే. జీతాలే ఒకటి కావు. చిన్న జీతాల్లో, సగం పూట పనుల్లో ఎక్కువగా ఉండేది ఆడవాళ్లు కాబట్టి ఆ గీత కింద ఎక్కువగా మిగిలిపోయిందీ వాళ్లే.

మళ్లీ అక్క దగ్గరికి వస్తాను. ఆమెకి సంపాదన ఎందుకు లేదు? ఆమె బాపట్లలో ఇంజినీరింగ్ చదివింది. 2004లో పెళ్లయి, హెచ్-1బి మీదున్న భర్త వెంట హెచ్-4 మీద వెళ్లింది. హెచ్-4 అంటే ఆధారితురాలు. ఆ వీసా మీద పనిచెయ్యటం చట్టవిరుద్ధం. ఒక దేశానికి ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల ఉద్యోగ వీసాల మీద వెళ్లిన భారతీయుల గ్రీన్‌కార్డు వరస ఏళ్లకేళ్లు సాగుతుంది. అక్క తొమ్మిదేళ్లు అలా ఉంది. హెచ్-4 మీదున్నవాళ్లలో కొందరికి పనిచేసే అనుమతి 2015 మే నెలలో వచ్చింది. అప్పటికి అక్కకి గ్రీన్‌కార్డు వచ్చేసి రెండేళ్లయింది. ఇంజినీరింగ్ పట్టాకి పదేళ్లు దాటిపోయాయి. ఇద్దరు పిల్లలు.

ముందు పనిచెయ్యొద్దని శాసించి, తర్వాత నీ సంపాదన ఎంత అని అడిగేది ఒకే ప్రభుత్వం. మొదటి నియమం వల్ల రెండో కాగితంలో గడి ఖాళీగా మిగిలింది. తొమ్మిదేళ్లు నేనే నిన్ను ఆపాను కాబట్టి ఆ మేరకు తగ్గిస్తున్నాను అనే పంక్తి ఐ-864లో లేదు. ఇంటిచాకిరీకి విలువ కట్టాలన్న వాదన మన పత్రికల్లో కొత్త కాదు. కానీ ఆ విలువ కట్టకపోవటం వల్ల ఒక కూతురు తల్లిని తెచ్చుకోవాలంటే భర్త సంతకం కోసం ఆగాల్సి వస్తుందని, అంత కచ్చితంగా, అంకెలతో సహా, నేను అంతకుముందెక్కడా చదవలేదు.

"మరి నా ఆస్తి చూపిస్తే చాలదా?" అంది పెద్దమ్మ. తెలివైన ప్రశ్న. సంపాదన చాలకపోతే ఆస్తి చూపించవచ్చు. తల్లిదండ్రుల విషయంలో తక్కువైన మొత్తానికి ఐదు రెట్లు విలువుండాలి. వచ్చే మనిషి సొంత ఆస్తి కూడా లెక్కకొస్తుంది. అయితే అది ఏడాదిలోగా నగదుగా మార్చగలిగేదై ఉండాలి.

పెద్దమ్మ ఆస్తి ఏమిటి? పేరు మీద ముప్పావు ఎకరం డి-ఫారం పట్టా ఉంది. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి. అలాంటి భూమిని అమ్మటం 1977 చట్టం ప్రకారం అప్పటికి నిషేధం. పేదల భూమి షావుకార్ల పాలు కాకుండా కాపాడటానికి చేసిన మంచి చట్టమది. అమ్మకూడని భూమి నగదు ఎలా అవుతుంది? నేను కాగితాలు పట్టుకెళ్లిన చార్టర్డ్ అకౌంటెంటు చూసి, దీనికి నేను విలువ రాయలేనమ్మా అని తిరిగిచ్చేశాడు. ఇంకొకటి తెల్ల రేషన్ కార్డు. ఇక్కడ పేదదని రుజువు చేస్తే బియ్యం వస్తాయి, అక్కడ పేదది కాదని రుజువు చేస్తే కూతురి దగ్గర ఉండనిస్తారు. రెండు రుజువులూ ఒకే పెట్టెలో ఉన్నాయి.

సంపాదన సంగతి. పెద్దమ్మ ముప్పయ్యేళ్ల పైన చేపలమ్మింది. తెల్లవారకముందే హార్బర్లో వేలం పాట దగ్గర నిలబడి సరుకు కొని, గంపకెత్తుకుని, మొదటి బస్సుకి రేపల్లె. వేట లేని రోజుల్లో ఎండు చేపలు, ఎండు రొయ్యలు. బస్సులో కంపని తిట్టించుకుంటూ, గంపకి వేరే టికెట్టు కొట్టించుకుంటూ. పెదనాన్న పడవ మీద వేటకెళ్లేవాడు కానీ ఇల్లు నిలిచింది గంప మీద. అక్క ఇంజినీరింగ్ ఫీజులు, పెళ్లి డబ్బు, బావ టికెట్లకి సర్దింది కూడా ఆ గంపలోదే. దానికి ఒక్క రసీదు లేదు. వేట నిషేధ కాలంలో ప్రభుత్వమిచ్చే భృతి పడవెక్కి సముద్రంలోకి వెళ్లేవాళ్లకి, గట్టు మీద అమ్మే ఆడవాళ్లకి కాదు. వాళ్లకి కూడా ఆ 61 రోజులూ పని ఉండదని ప్రభుత్వానికి తెలియక కాదు.

నిజాంపట్నం పాత రేవు. ఐరోపావాళ్లు దీన్ని పెటపోలి అన్నారు. డచ్చివాళ్లు 1606లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఓడ ఇక్కడ లంగరేసింది. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీ వర్తకం మొదలయింది దాంతోనే. ఆ ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ దినచర్య 1934లో అచ్చయింది. సుంకాల బేరాలు, కానుకలు, అద్దకపు బట్టలు. ఈ చుట్టుపక్కల ఇసుకనేలల్లో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపు కోసం ఆ బట్టలకి అంత గిరాకీ. ఆ వేళ్లు తవ్విందెవరో, నూలు వడికిందెవరో వర్తకుల లెక్కల్లో పేరుతో ఉండదు. ధర ఉంటుంది. నాలుగువందల ఏళ్ల తర్వాత మా పెద్దమ్మ విషయంలో ధర కూడా లేదు.

ఇంక తల్లీకూతుళ్ల రుజువు. అక్క పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. పుట్టుక నమోదు కాలేదు. పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరే ఉంది. నమోదు కాలేదన్న ధ్రువపత్రం, కాన్పు తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ల ప్రమాణపత్రాలు సంపాదించాను. కన్నతల్లి తల్లేనని చెప్పటానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఆ పనిలో తిరుగుతున్నప్పుడు నాకు గీతా హరిహరన్ కేసు గుర్తొచ్చింది. 1984లో ఆ రచయిత్రి మైనరు కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, సంరక్షకురాలిగా తల్లి సంతకం చెల్లదు, తండ్రి సంతకం తెమ్మన్నారు. తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని సుప్రీంకోర్టు చెప్పటానికి 1999 ఫిబ్రవరి దాకా పట్టింది. అది కూడా డబ్బు కాగితమే. ఆడదాని సంతకం విలువ ఎంతో ఎప్పుడూ డబ్బు కాగితం దగ్గరే తేలుతుంది.

బావ కాదనలేదు. ఇది రాయకపోతే అతనికి అన్యాయం చేసినట్టవుతుంది. "చూద్దాం" అన్నాడు. ఆడిటరు సెలవులో ఉన్నాడన్నాడు. ఇంటి లోను మార్చుకుంటున్నాం, అది కానీ అన్నాడు. జీవితాంతం ఉండే బాధ్యత కదా, ఆలోచించుకోవాలన్నాడు. నిజమే, ఆలోచించాల్సిన పత్రమే అది. అయితే అక్క రెండు కాన్పులకీ పెద్దమ్మ విజిటర్ వీసా మీద వెళ్లి ఆరేసి నెలలుండి, పురుళ్లు పోసి, పసిబిడ్డల్ని చూసుకుని, వంట చేసి వచ్చినప్పుడు ఎవరూ ఆలోచించుకోలేదు. అప్పుడు ఆవిడ భారం కాదు.

అక్క రెండో దారి వెతికింది. ఎవరైనా పౌరుడో, గ్రీన్‌కార్డున్న మనిషో జాయింట్ స్పాన్సర్‌గా రావచ్చు. బంధువు కానక్కర్లేదు. కానీ వాళ్లు తమ ఆదాయపు పన్ను పత్రాలు మన చేతికివ్వాలి. తెలుగు సంఘాల్లో తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. "ఎవర్నడిగినా, మీ ఆయన జీతం బాగానే ఉందిగా అంటారు. ఏం చెప్పను?" అంది అక్క ఫోన్లో. బయటివాళ్లని అడగటమంటే ఇంట్లో సంతకం దొరకలేదని చాటుకోవటం. ఆ దారి ఉంది కానీ ఆమె నడవగలిగే దారి కాదు. స్కూలు పని తర్వాత సాయంత్రాలు పిల్లల డేకేర్‌లో ఇంకో పనికి చేరింది. రెండూ కలిపినా 37,712కి చేరదని ఆమెకి తెలుసు. ఊరికే కూర్చోలేకపోయానంది.

ఒక్కోసారి అనిపిస్తుంది, మావాళ్లు కొంత కలిగినవాళ్లు కాబట్టి ఈ గొడవైనా ఉంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లకి, జీతమెంతైనా, ఆ వీసా మీద పిల్లల్ని తెచ్చుకునే వీలే లేదు. వాళ్లకి హామీగా ఒక్కొక్కరికీ 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ యజమాని కట్టాలని 2014లో మన ప్రభుత్వం పట్టుబట్టింది. కువైట్ ఒప్పుకోలేదు. 2017లో ఎత్తేశారు. ఆ స్త్రీల చరిత్ర విడిగా, వివరంగా రాయాల్సింది.

ఈ హామీపత్రానికి ఇంకో ముఖం కూడా ఉంది. 2012లో అమెరికా ఏడో సర్క్యూట్ కోర్టులో లియు అనే చైనా స్త్రీ, విడాకులిచ్చిన భర్త మండ్ మీద గెలిచింది. ఆమె పని వెతుక్కోలేదు కాబట్టి డబ్బివ్వనక్కర్లేదని కింది కోర్టు అంది. పోస్నర్ అనే జడ్జి ఒప్పుకోలేదు. పత్రం రాసిచ్చావు, ఆమె ఉద్యోగం వెతికిందా లేదా అన్నది అందులో లేదు, కట్టు అన్నాడు. 2016లో తొమ్మిదో సర్క్యూట్ ఇంకో కేసులో, పెళ్లికి ముందు రాయించుకున్న ఒప్పందం కూడా దీన్ని రద్దు చెయ్యదంది. వలసొచ్చేవాళ్లని అదుపు చెయ్యటానికి చేసిన కాగితం, వదిలేసిన భార్యకి ఆయుధమయింది. చదివి సంతోషపడ్డాను. తర్వాత అనుమానమొచ్చి చూస్తే, మన అమ్మాయిలకి అది చాలావరకు అందదు. భర్త కుటుంబ వీసా మీద తీసుకెళ్లిన భార్యకే ఈ పత్రం ఉంటుంది. హెచ్-4 మీద వెళ్లి భర్త ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు తెచ్చుకున్న అక్కలాంటివాళ్ల కోసం, మామూలుగా, ఎవరూ ఏ హామీపత్రమూ రాయరు. అల్లుడికి డబ్బు సర్దిన అత్తగారి చేతిలోనూ ఏమీ ఉండదు.

బావ 2020 జనవరిలో సంతకం పెట్టాడు. ఎనిమిది నెలలు. అక్క ఎప్పుడూ గొడవ పెట్టుకోలేదంది. ఎలా పెట్టించావని నేను అడగలేదు. ఫిబ్రవరి 24 నుంచి 'ప్రభుత్వ భారం' నిబంధనను మరింత బిగించిన 2019 నాటి కొత్త నియమం అమలైంది. వయసు, ఆరోగ్యం, చదువు, ఇంగ్లీషు, అన్నీ తూకమేస్తామన్నారు. 63 ఏళ్ల వయసు, నాలుగో తరగతి చదువు, షుగరు. తూకంలో పెద్దమ్మ ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. మార్చిలో కరోనాతో కాన్సులేట్లు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్షుడి ప్రకటన పౌరుల భార్యాభర్తల్ని, చిన్నపిల్లల్ని మినహాయించి, తల్లిదండ్రుల్ని ఆపేసింది. 2021 ఫిబ్రవరిలో ఆ ప్రకటన పోయింది, మార్చిలో ఆ నియమం కూడా పోయింది. 2022 ఏప్రిల్ 4న మా ఊరు గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాకి మారింది. పాస్‌పోర్టులో గుంటూరు, కొత్త కాగితాల్లో బాపట్ల. రెండూ ఒకటేనని చెప్పటానికి ఇంకో కాగితం సిద్ధం చేసుకున్నాం. ఆ ఏడాది చివర్లో ముంబైలో ఇంటర్వ్యూ. పన్ను పత్రాలు పాతవయ్యాయి, కొత్తవి కావాలన్నారు. అక్క మళ్లీ బావనడిగింది. ఈసారి వారంలో ఇచ్చాడు.

ఇప్పుడు పెద్దమ్మ అక్కడే ఉంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్లకి ఆవిడ తెలుగు సగమే అర్థమవుతుంది. దుకాణంలో గాజుగది వెనక ఐసు మీద పెట్టిన చేపని చూసి, ఇది పట్టి ఎన్నాళ్లయిందో అంటుంది. ఆమధ్య ఫోన్లో మాట్లాడుతూ, ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, హామీపత్రంలో ఉన్నది ఉన్నట్టు ఆవిడకి తెలుగులో చెప్పాను. నిన్ను సరిగ్గా చూసుకోకపోతే కోర్టుకెళ్లే హక్కు నీకుంది పెద్దమ్మా అన్నాను.

"కూతురి మీద దావా వేస్తానంటే?" అని నవ్వింది. కాసేపాగి, "అల్లుడి మీద కూడా వెయ్యొచ్చా?" అంది.

అతనూ సంతకం పెట్టాడు కాబట్టి వెయ్యొచ్చన్నాను.

"అయితే ఆ కాయితం జిరాక్సొకటి నా పెట్టెలో పెట్టమని మీ అక్కతో చెప్పమ్మాయ్. డి-ఫారం పట్టా ఉన్న కవర్లో."